నీళ్ళు నిలిచేదాకా

జూన్ 9

చిరంజీవి తొందరకి,

నాన్నమ్మ ఆశీస్సులు. ‘ఉభయకుశలోపరి’ అని రాయబోయి ఆగాను. ఉభయుల్లో ఒకరు కుశలంగా లేనప్పుడు ఆ మాట రాస్తే దొంగలెక్క అవుతుంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నాకు వినపడాలంటే ఫోను గొంతు పెంచాలి. పెంచితే పక్క గదిలో మీ బాబాయికి నాకన్నా ముందు వినపడుతుంది. వాడి సంగతి వాడి చెవిన పడేట్టు మాట్లాడలేక కాగితం తీశాను. బళ్ళో పిల్లలకి ఎప్పుడూ చెప్పేదాన్ని, దెబ్బలాడదలుచుకుంటే రాసి దెబ్బలాడండర్రా, కనీసం దస్తూరీ బాగుపడుతుందని.

నిన్న పొద్దున నీ ఇల్లు లేస్తున్న చోటికి ఒకావిడ వచ్చింది. కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజాన సంచి, సంచికి వేలాడుతూ చిన్న సుత్తి. నేను రోజూలాగే ఇసక గుట్ట పక్కన కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నాను. నన్ను దాటుకుని నేరుగా గోడ దగ్గరికి నడిచింది.

“ఎవరమ్మా?” అన్నాను.

“ఇంటివాళ్ళు పెట్టుకున్న ఇంజనీరునండి. పని చూసి పోడానికొచ్చాను.”

“ఇంటివాళ్ళం మేమేగా.”

“మీరు మేస్త్రీ గారి తాలూకు అనుకుంటానండి. నేను ఇంటావిడ తాలూకు.”

ఒకే కంచంలో తిన్న మనల్ని రెండుగా విడదీయడానికి ఆవిడకి అర నిమిషం పట్టింది. మీ బాబాయి వైపు చూశాను. వాడు తాపీ కడుక్కుంటూ, “పిల్ల నాకు చెప్పిందిలేమ్మా, సరే అన్నాను” అన్నాడు. గొంతులో ముల్లు గుచ్చుకున్నవాడు ఏమీ లేదన్నట్టుగా అన్నాడు.

నాకు అర్థం కానిది ఇది. ఇల్లు కట్టేది మీ బాబాయి. మీ తాత దగ్గర పని నేర్చినవాడు. మీ నాన్న పోయాక నిన్ను సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడు. వాడు సరిగా కడుతున్నాడా అని చూడడానికి ఆవిడ. ఆవిడ సరిగా చూస్తోందా అని చూడడానికి, ఎలాగూ కుర్చీలో ఉంటాను కనక, నేను. నన్ను చూడడానికి ఎవరిని పెట్టావో చెబితే వాళ్ళకి కూడా ఒక కుర్చీ వేయిస్తాను.

కోపంగానే ఉన్న
నాన్నమ్మ

జూన్ 16

నాన్నమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. దస్తూరీ సంగతి నిజమే, కోపంలో నీ అక్షరాలు ఇంకా గుండ్రంగా వస్తాయి.

బాబాయి మీద నాకు అనుమానం లేదు. నా ఉద్యోగమేమిటో నీకు తెలుసు కదా. మిల్లులో తయారైన దారాన్ని మిషనుకి తగిలించి, తెగేదాకా లాగి, ఎంత బరువుకి తెగిందో రాస్తాను. వడికినవాళ్ళు నా మీద అలగరు. మధ్యాహ్నం నాతోనే కూర్చుని అన్నం తింటారు.

నా పక్క బల్ల ఆవిడ పోయినేడు కొత్తింట్లో చేరింది. కట్టింది సొంత అన్నయ్య. ఏడాది తిరక్కుండా వంటింటి గోడ బీట వేసింది. గోడకి సిమెంటు పూశారు. అన్నాచెల్లెళ్ళ మధ్య పూయడానికి మాత్రం ఏమీ దొరకలేదు, ఇప్పటికీ మాటల్లేవు. అది చూశాకే నాకు భయం వేసింది, నాన్నమ్మా, ఇంటి గురించి కాదు. తప్పు కనపడితే చెప్పేది బయటి మనిషి అయితే, నేనూ బాబాయీ ఎప్పటిలాగే ఉండొచ్చు అనుకున్నాను. ఆవిడకి ఇటుకల వాళ్ళతోనూ చుట్టరికం లేదు, మనతోనూ లేదు. ప్రతి గురువారం వచ్చి చూసి, ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపిస్తుంది. అంతే.

అయినా తాతయ్య మాత్రం ఒక్కడే మట్టం చూసేవాడా? నీళ్ళ గొట్టం రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే కదా. నాకు ‘తొందర’ అని పేరు పెట్టింది కూడా ఆ గొట్టం దగ్గరేనని ఒకసారి అన్నావు. ఎందుకో గుర్తు రావడం లేదు. కోపం తగ్గాక రాయి.

నీ
తొందర

జూన్ 27

చిరంజీవి తొందరకి,

కోపం తగ్గలేదు. అడిగావు కనక రాస్తున్నాను.

ఆ గొట్టం ఇంకా ఉంది. మీ తాత తువ్వాలులో చుట్టి అటక మీద పెట్టాడు, అలాగే ఉంది. పొడుగ్గా, లోపల నీళ్ళు కనపడేట్టు ఉంటుంది కదా. ఈ గోడ దగ్గర ఒకరు ఒక కొస, ఆ గోడ దగ్గర ఇంకొకరు రెండో కొస పట్టుకుంటారు. నీళ్ళు కాసేపు ఊగులాడి రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గీత గీస్తే మట్టం కుదిరినట్టు. మధ్యలో గోడలు అడ్డం, అవతలి మనిషి కనపడదు. కేక వేసి చెప్పాలి, విన్నవాళ్ళు నమ్మాలి.

నా పెళ్ళయిన కొత్తలో మీ తాత ఇల్లు వేస్తున్నాడు. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటే తప్పు. పనివాడు రాని రోజున ఆయన ఒక కొస నా చేతికిచ్చాడు. “నిలిచాయా?” అని ఆయన. “నిలిచాయి” అని నేను. మా అత్తగారు వాకిట్లో కూర్చుని వింటూనే ఉంది, ఏమనడానికీ లేదు. ఆ ఇంట్లో అవసరానికన్నా ఎక్కువ సార్లు మట్టం చూశాం. పనివాడు తిరిగొచ్చాక కూడా ఆయన కొస నాకే ఇచ్చేవాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆయనా లేడు. ఎప్పుడైనా గ్లాసులో నీళ్ళు ఊగి ఆగితే నా నోట్లో ఆ మాట మెదులుతుంది.

నీ సంగతికొస్తే, నీకు ఆరేళ్ళప్పుడు కొస పట్టుకుంటానని పేచీ పెట్టేదానివి. పట్టుకున్నాక ఆట గుర్తొచ్చేది. నీళ్ళింకా ఊగుతూ ఉండగానే “నిలిచాయి తాతయ్యా” అని కేక. ఆయన గీత గీసేవాడు కాదు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకుని, అప్పుడు అడిగేవాడు, “తొందరా, ఇప్పుడు చెప్పు” అని. అదీ నీ నామకరణం.

నీ ఇంజనీరమ్మకి కూడా నేనొక పేరు పెట్టాను, వడ్రంగిపిట్ట. గోడ కనపడితే చాలు టకటకా కొట్టి చెవి ఆనించి వింటుంది. నచ్చని చోట ఎర్ర సుద్దతో సున్నా చుడుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రేఖాగణితం పేపర్ల మీద నేను చుట్టిన సున్నాలన్నీ దారి వెతుక్కుంటూ వచ్చి నా కొడుకు గోడ మీద వాలాయి. పోయిన గురువారం పడగ్గది మూలని దారానికి కట్టిన గుండు వేలాడేసి చూసి, అది నిలువుకి రాలేదు, పగలగొట్టి మళ్ళీ కట్టాలంది. మీ బాబాయి “అట్లాగేనండి” అన్నాడు. నేను ఊరుకోలేదు.

“ఏమ్మా, ఆ గోడ మీద నీకేమన్నా కక్షా?” అన్నాను.

“లేదండి. ప్రేమా లేదు. అందుకే నన్ను పెట్టుకుంటారు” అంది.

జవాబు బాగుంది. బాగుందని ఆవిడకి తెలియనివ్వలేదు.

మీ బాబాయి మాత్రం మనిషి మనిషిలా లేడు. ఎండ వాలగానే పనివాళ్ళ మీద వదిలేసి వెళ్ళిపోతున్నాడు. ఎక్కడికిరా అంటే “పనుంది” అంటాడు. కంచంలో కూర సగం అలాగే వదిలేస్తున్నాడు. మొన్న మన గుమ్మానికే భుజం కొట్టుకుని వాపు తెచ్చుకున్నాడు. అవమానం పడ్డ మనిషి అలాగే ఉంటాడు. నువ్వు దారాలు తెగేదాకా లాగడంలో ఆరితేరావు, ఒప్పుకుంటున్నాను.

నాన్నమ్మ

జూలై 6

నాన్నమ్మకి,

గొట్టం సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అవసరానికన్నా ఎక్కువ సార్లు అన్నచోట కళ్ళు తుడుచుకున్నాను.

కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. బాబాయి రోజూ ఎండ వాలగానే వెళ్ళిపోతున్నాడా? నువ్వు అవమానం అనుకుంటున్నావు. నాకు వేరేగా అర్థమవుతోంది. నిన్న ఇంజనీరు గారి కాగితాలు అందాయి. పడగ్గది మూల, వంటింటి మూల, ముందుగది మూల, మెట్ల పక్క గోడ, ఏదీ నిలువుగా లేదు. ఇటుకల మధ్య సిమెంటు నిండని చోట్లున్నాయి. ఇది బాబాయి చేతిపని కాదు. చిన్నప్పుడు ఆయన కట్టిన పిట్టగోడ మీద నేను కళ్ళు మూసుకుని నడిచేదాన్ని. అంటే ఆయన ఇంకోచోట పని ఒప్పుకుని, నా ఇల్లు కూలీలకి వదిలేశాడు. నాకు ఒక్క మాట చెబితే నేను కాదనేదాన్నా? మన పిల్లే కదా, ఏం చేసినా ఊరుకుంటుందనుకున్నాడు.

కప్పు పడిందంటే ఇక ఏదీ సరిదిద్దలేం. అంతకు ముందే ఆయన్ని ఆగమని నువ్వు చెప్పు. నా నోటితో నేను చెప్పలేను. సైకిలు ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన నా నెత్తి మీద విడిచిన ఊపిరి ఇంకా వెచ్చగా గుర్తుంది. ఆ మనిషికి పని మానెయ్యమని ఎలా చెప్పను?

తొందర

జూలై 11

తొందరకి,

ఉత్తరం అందింది. చెప్పమన్న మాట చెప్పను. నువ్వు చెప్పలేని మాటలు మోయడానికి నేను కూలిదాన్ని కాను.

గురువారం వస్తోంది. ముందు ఆ వడ్రంగిపిట్ట సంగతి చూస్తాను. తర్వాత నీ సంగతి.

నాన్నమ్మ

జూలై 14

చిరంజీవి తొందరకి,

ఇది నిదానంగా చదువు. కూర్చుని చదువు.

ఆవిడ కోసం గట్టి మాటలు వరసగా కూర్చుకుని వెళ్ళాను. మీ బాబాయి ఇసక లారీ కోసం వీధి చివరికి వెళ్ళాడు. ఆవిడ వచ్చి, ఇటుకలు నాలుగు పేర్చుకుని నా కుర్చీ పక్కన కూర్చుంది. నేను నోరు తెరిచేలోపు, “మీతో ఒంటరిగా మాట్లాడదామనే చూస్తున్నానండి. ఒకసారి గదులన్నీ తిరుగుదాం రండి” అంది.

చెయ్యి పట్టుకుని తిప్పింది. “గోడకి ఎదురుగా నిలబడి, నా ఎర్ర సున్నాలు ఎక్కడున్నాయో చూడండి” అంది. పడగ్గది చూశాను, వంటిల్లు చూశాను. రేఖాగణితం చెప్పినదాన్ని, మూడో గదికి గానీ నాకు తట్టలేదు. సున్నాలన్నీ ఎడమ చివరే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కుడి పక్క లేదు.

“కుడి మూలలు చూడండి. ఇంత శుభ్రమైన పని నేను ఈ మధ్య చూడలేదు. సిమెంటు పాలు నేను అడిగినదానికన్నా మేలుగానే కలుపుతున్నారు. మోసం చేసేవాడు ఒక్క ఎడమవైపే ఎంచుకుని మోసం చెయ్యడండి” అంది.

“మరి ఆ ముక్క మా పిల్లకి ఎందుకు రాయలేదు?”

“గోడ చూడమని పెట్టుకున్నారండి. గోడ సంగతి రాశాను. మనిషి ఒంట్లో సంగతి, అదీ నా ఊహ, ఆయన్ని అడక్కుండా కాగితం మీద ఎలా పెడతాను? తల్లితో చెప్పుకోవచ్చనిపించింది.”

కూర్చుకున్న మాటలు అలాగే ఇంటికి మోసుకొచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి మీ బాబాయి వచ్చాడు. రోజూ కూర కంచంలో ఎడమ పక్క వేస్తాను. ఆ పూట కుడి పక్క వేశాను. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు. నేను అటు తిరిగి మజ్జిగ గిన్నె కడిగాను. అది అప్పటికే కడిగిన గిన్నె.

“ఎన్నాళ్ళయిందిరా?” అన్నాను.

“ఏది?”

“నాతో వేషాలొద్దు. ఎడమవైపు.”

చెయ్యి కడుక్కుని వచ్చి తువ్వాలుతో తుడుచుకున్నాడు. “పోయిన వానాకాలం నుంచి, అమ్మా. మేస్త్రీకి చూపు తగ్గిందంటే తాపీ ఎవడిస్తాడు?”

“మరి ఆవిడ్ని పెడతానని పిల్ల అంటే, సరే అని ఎలా అన్నావు?”

“గండం గట్టెక్కింది అనుకున్నాను. పిల్ల కట్టుకుంటున్న ఇల్లు. నాకు కనపడనిది కనిపెట్టడానికి ఒక మనిషి ఉందంటే ప్రాణం లేచొచ్చింది. గురువారం ఎప్పుడొస్తుందా అని చూస్తాను. ఎండ వాలితే గోడ అంచు నాకు తెలియదు. తెలియకుండా చెయ్యి పెట్టడమెందుకని లేచి వచ్చేస్తున్నాను.”

లేచి వచ్చి ఎక్కడికి పోతున్నాడనుకున్నావు? బస్టాండు బెంచీ మీద కూర్చుంటున్నాడట. ఇంటికొస్తే నేను ప్రశ్నలు వేస్తానని.

ఆవిడ్ని పెట్టి నువ్వు వాణ్ణి అవమానించావని నేననుకున్నాను. వాడు ఇంకోచోట పనిచేస్తున్నాడని నువ్వనుకున్నావు. చూపు పోయినవాడొక్కడే ముగ్గురిలో సరిగా చూశాడు.

నిన్న సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పోయిన పక్కచూపు రాదట. ఉన్నదాన్ని చుక్కల మందు వేసి నిలబెడతారట. వేళ తప్పకుండా నేనే వేస్తున్నాను. కదలకురా అంటే చిన్నప్పటిలాగే కదులుతున్నాడు.

నాన్నమ్మ

జూలై 15

నాన్నమ్మకి,

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందింది. నీకు కొడుకు ముద్దు, నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో రేపు నిన్నే తెచ్చి పెట్టుకోవాలనుకుంటున్నాను. నీ నెత్తి మీద ఉండే కప్పు అది.

నువ్వు చెప్పనన్నావు కనక బాబాయికి నేనే విడిగా రాశాను. వేరే మేస్త్రీతో మాట్లాడానని, వచ్చే నెల నుంచి ఆయన చూసుకుంటాడని రాశాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి పోస్టు చేశాను. నన్ను తిట్టుకో.

తొందర

జూలై 21

చిరంజీవి తొందరకి,

తిట్టుకోను. ఆ పని మీ బాబాయి చేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. వాడు కూడా చెయ్యలేదు.

నీ ఉత్తరం వాడి చేతికే వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితాన్ని కుడివైపుకి జరుపుకుంటూ జరుపుకుంటూ తనే చదువుకున్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“నేను రాసిన ఉత్తరం దానికి ఇంకా అంది ఉండదురా. అందితే ఇలా రాయదు” అన్నాను.

“అందినా ఇలాగే రాయాలి. పిల్ల తప్పేం రాయలేదమ్మా. గోడ వంకరన్నది నిజమేగా” అన్నాడు.

ఆ సాయంత్రమే పనిముట్లన్నీ కడిగి గోనెసంచిలో పెట్టేశాడు. తాపీ, గుండు, రసమట్టం, అన్నీ. కొత్తాయన వచ్చి కప్పు వేసుకుంటాడట, వీడు ఇక ఏ ఇంటికీ చెయ్యి పెట్టడట. నోరున్నదాన్నని పేరే గానీ, అవసరానికి అది పలికింది తక్కువ.

నిన్న పొద్దున అటక మీద చప్పుడైతే చూశాను. నిచ్చెన ఎక్కి మీ తాత గొట్టం దించుతున్నాడు. దుమ్ము దులిపి, నీళ్ళు పోసి, ఎక్కడైనా కారుతోందేమో చూశాడు. కారడం లేదు.

“సున్నాలు చుట్టిన మూలలన్నీ మళ్ళీ కట్టేశాను. కప్పు వేసే ముందు నాలుగు గోడల తలలూ ఒకే మట్టానికి రావాలి. అదొక్కటి చూసి దిగిపోతాను. ఇది నాన్న గొట్టంతోనే చూడాలి” అన్నాడు.

వడ్రంగిపిట్ట దగ్గర గోడంతా ఎర్ర గీత పరిచే మిషనుంది, నిమిషంలో తేలిపోతుంది. ఆ మాటే ఆవిడతో అన్నాను. “రెండు రకాలుగా చూస్తే నాకేం నష్టం లేదండి. ఆయన చూశాకే నేను చూస్తాను” అంది. పోయే ముందు కప్పు పని కొన్నాళ్ళు ఆపమని పనివాళ్ళకి తనే చెప్పింది. ఇది నువ్వు అప్పజెప్పిన పని కాదు. కాగితాల్లో రాస్తుందో లేదో.

సరే, గొట్టం ఉంది, గోడలున్నాయి. కుడి పక్క వాడుంటాడు. రెండో కొస నేను పట్టుకుంటానన్నాను. నీకు తెలుసు కదా, ఒకప్పుడు ఆ కొస నాదే. వాడు నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చూసి, మెల్లగా వదిలేశాడు.

“వణుకుతాయమ్మా. నీళ్ళు నిలవవు” అన్నాడు.

పనివాళ్ళ చేతికివ్వనంటాడు. ఎవరొస్తారనుకుంటున్నాడో నాకు చెప్పడు. నేను అడగను. గొట్టాన్ని చుట్టచుట్టి నీ గదిలో తలుపు వెనక తగిలించాడు, నువ్వు బడిసంచి తగిలించే మేకుకి.

నీకు కేక వేసే అలవాటు ముందునుంచీ ఉంది. కోప్పడడం లేదు, గుర్తు చేస్తున్నానంతే.

ఆశీస్సులతో
నాన్నమ్మ

జూలై 25

నాన్నమ్మకి,

నీవి రెండుత్తరాలూ ఒకేరోజు అందాయి. పద్నాలుగో తేదీది దారిలో ఎక్కడ కూర్చుందో తెలియదు. మిల్లులో మిషను దగ్గరే నిలబడి చదివాను. నువ్వు కూర్చోమన్నావు, కూర్చోలేకపోయాను.

కొత్త మేస్త్రీని వద్దన్నాను. ఇంజనీరు గారిని ఇల్లు పూర్తయ్యేదాకా ఉండమన్నాను. గురువారాలు చాలకపోతే సోమవారాలు కూడా రమ్మని అడిగాను, ఎడమవైపు మొత్తం ఆవిడకే అప్పగించమని బాబాయి కూడా అడుగుతాడు, చూడు. సెలవు పెట్టాను. బాబాయికి విడిగా రాయడం లేదు, రాస్తే మళ్ళీ ఏదో తప్పు రాస్తాను.

పనిముట్లు సంచిలోంచి తీసి పెట్టమను. ఆదివారం పొద్దుటి బస్సుకి దిగుతాను. స్టాండుకి సైకిలు వద్దు, నడిచి వస్తాను. నేరుగా గోడల దగ్గరికే వస్తాను. నువ్వు గొడుగు కింద కూర్చుని విను. బాబాయి “నిలిచాయా” అని అడుగుతాడు కదా, నా వైపు నుంచి ఎంతసేపటికీ చప్పుడు రాకపోతే కంగారు పడొద్దని ఆయనకి చెప్పు. ఈసారి నీళ్ళు నిలిచేదాకా కేక వెయ్యను.

తొందర